సముద్రపు నాచు జమాఖర్చులు

"మనిషి శరీరానికి 102 ఖనిజాలు కావాలి. వాటిలో 92 సముద్రపు నాచులో ఉన్నాయి." కొంతకాలంగా ఫోన్లలో తిరుగుతున్న మాట ఇది. దాని కింద ఒక సీసా బొమ్మ, బొమ్మ కింద ధర ఉంటాయి. థైరాయిడ్ జబ్బు తగ్గుతుందట. ఎముకలు గట్టిపడతాయట. జుట్టు ఒత్తుగా పెరుగుతుందట. ఇంగ్లీషు మందులు మానేయవచ్చట. చైనావాళ్లు, జపానువాళ్లు వేల ఏళ్లుగా తింటున్నారు కాబట్టి రుజువు అడగనక్కరలేదట!

నేను రసాయన శాస్త్రం చదువుకోలేదు. బి.కాం. చదివి, రక్షణ శాఖ లెక్కల్లో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఉద్యోగ జీవితమంతా నేను చేసిన పని ఒక్కటే. బిల్లులో వేసిన అంకెకు వోచరు ఉందా లేదా అని చూడటం. హేతువాదం కూడా నా దృష్టిలో ఇంతకంటే వేరు కాదు. కాబట్టి ఈ 92 ఖనిజాల బిల్లును కూడా అదే పద్ధతిలో చూద్దామనిపించింది.

మొదటి అంకెలోనే తేడా ఉంది. ఇప్పటివరకు తెలిసిన మూలకాలు 118. యురేనియం 92వది. 102వది నోబెలియం. అది ప్రకృతిలో దొరకదు, ప్రయోగశాలలో తయారుచేస్తే కొద్దిసేపట్లోనే విచ్ఛిన్నమైపోతుంది. అది మన శరీరానికి ఎందుకు కావాలో ఆ ప్రకటన రాసినవాళ్లే చెప్పాలి. మనిషికి తప్పనిసరిగా కావలసిన ఖనిజాలు, సూక్ష్మ మూలకాలు అన్నీ కలిపినా ఇరవైకి అటూ ఇటూ మాత్రమే. ఇక మొదటి 92 మూలకాలూ ఒక పదార్థంలో ఉన్నాయంటే అందులో సీసం, పాదరసం, ఆర్సెనిక్, కాడ్మియం, యురేనియం కూడా ఉన్నట్టే కదా! అది గొప్పగా చెప్పుకోవలసిన సంగతా?

అయితే ఒక్క తప్పుడు బిల్లు చూసి సముద్రపు నాచంతా బోగస్ అనేయడం కూడా శాస్త్రీయం కాదు. దాని వెనక నిజమైన చరిత్ర ఉంది. అందులో యుద్ధాలున్నాయి, బీదల చెమట ఉంది, ఒక తెలుగు వైద్యుడి కృషి కూడా ఉంది.

బూడిద వ్యాపారం

యూరపులో సముద్రపు నాచుకు మొదట ధర పలికింది తిండిగా కాదు, బూడిదగా. గాజు, సబ్బు తయారీకి సోడా కావాలి. ఒడ్డున పెరిగే గోధుమరంగు నాచును ఎండబెట్టి, గుంటల్లో కాలిస్తే గట్టి బూడిద ముద్ద మిగులుతుంది. అందులో సోడా, పొటాష్ లవణాలుంటాయి. స్కాట్లాండుకు ఉత్తరాన ఉన్న ఆర్క్నీ దీవుల్లో ఈ పని 1722లో మొదలైంది. ఒక టన్ను బూడిద రావడానికి ఇరవై టన్నుల దాకా పచ్చి నాచు కాల్చాలి. 1742లో అక్కడి జనం దీనిమీద తిరగబడ్డారు. ఆ పొగ వల్ల చేపలు పారిపోతాయని, పంటలు పాడైపోతాయని వారి భయం.

నెపోలియన్ యుద్ధాల కాలంలో బయటి సోడా దిగుమతి తగ్గేసరికి టన్ను బూడిద ధర ఇరవై పౌన్లకు ఎక్కింది. లాభం భూస్వాములకు పోయింది. చలిలో, నీళ్లలో నిలబడి నాచు కోసి, పొగలో కాల్చినవారికి దక్కింది కూలి మాత్రమే. యుద్ధం ముగిశాక దిగుమతులు మళ్లీ మొదలయ్యాయి, మామూలు ఉప్పు నుంచి సోడా తీసే లీబ్లాంక్ పద్ధతి విస్తరించింది. బూడిద ధర పడిపోయింది. ఆ దీవుల్లో వేలమంది పొట్ట చేత పట్టుకుని వలస పోవలసి వచ్చింది.

తుపాకీ మందు నుంచి అయోడిన్

నాచులో ఉన్న అసలు సరుకు ఫ్రాన్సులో బయటపడింది. అదీ యుద్ధం పుణ్యమే. తుపాకీ మందుకు సురేకారం కావాలి. ఆ కాలంలో ప్రపంచంలో మేలైన సురేకారం మన బీహారు ప్రాంతంలో దొరికేది. అది ఇంగ్లీషువాళ్ల చేతిలో ఉంది. దాంతో ఫ్రాన్సు తన సురేకారాన్ని తానే తయారుచేసుకోవలసి వచ్చింది. అందుకు పొటాష్, పొటాష్ కోసం కట్టెల బూడిద కావాలి. కట్టెల బూడిద చాలక సముద్రపు నాచు బూడిద వాడటం మొదలుపెట్టారు.

పారిస్‌లో బెర్నార్ కూర్త్వా అనే అతను ఈ సురేకారం కార్ఖానా నడిపేవాడు. నాచు బూడిద వాడిన పాత్రల అడుగున పేరుకున్న మడ్డిని శుభ్రం చేయడానికి 1811లో గంధకామ్లం పోశాడు. మోతాదు కాస్త ఎక్కువైంది. ఊదారంగు ఆవిరి లేచి, చల్లటి వస్తువులకు తగిలినచోట నల్లగా మెరిసే స్ఫటికాలుగా గడ్డకట్టింది. పరిశోధన సాగించడానికి అతని దగ్గర డబ్బు లేదు. మిత్రులకు నమూనాలిచ్చాడు. 1813లో ఈ సంగతి లోకానికి వెల్లడైంది. గేలుసాక్, హంఫ్రీ డేవీ ఇద్దరూ దాన్ని పరీక్షించి కొత్త మూలకమని తేల్చారు. గ్రీకులో ఊదారంగును సూచించే మాట నుంచి అయోడిన్ అనే పేరు వచ్చింది. కూర్త్వాకు 1831లో 6,000 ఫ్రాంకుల బహుమతి వచ్చింది గానీ, 1838లో బీదవాడిగానే చనిపోయాడు.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. వేల ఏళ్లుగా నాచు తిన్నవారికి అందులో అయోడిన్ ఉందని తెలియదు. తెలియకపోవడం వారి తప్పేమీ కాదు. చైనాలో నాలుగో శతాబ్దంలోనే గె హాంగ్ అనే వైద్యుడు మెడవాపుకు, అంటే గాయిటర్‌కు, సముద్రపు నాచు వాడమని రాశాడు. యూరపు వైద్యులు కాల్చిన సముద్రపు స్పాంజి బూడిద ఇచ్చేవారు. ఈ రెండు మందులూ చాలామందికి పనిచేశాయి. మన హేతువాదులు కొందరు ప్రాచీన వైద్యమనగానే మొత్తం కొట్టిపారేస్తారు. అది సరికాదు. అనుభవంలో నిజం దొరకవచ్చు. అయితే ఏది పనిచేస్తోంది, ఎంత ఇస్తే పనిచేస్తుంది, ఎంత ఇస్తే చెడు చేస్తుంది అనేవి అనుభవం ఒక్కటే చెప్పలేదు. అందుకు తూకం కావాలి, పోలిక కావాలి.

మోతాదు పాఠం

1820లో జెనీవా వైద్యుడు కోయిన్‌డే ఈ లంకె పట్టుకున్నాడు. స్పాంజి బూడిదలో గుణం అయోడిన్‌దే అయి ఉండాలని ఊహించి, గాయిటర్ రోగులకు నేరుగా అయోడిన్ ఇచ్చాడు. వాపులు తగ్గాయి. పేరు మారుమోగింది. జనం తమంతట తామే కొనుక్కుని తాగడం మొదలుపెట్టారు. కొందరికి గుండెదడ, వణుకు, బరువు తగ్గిపోవడం వచ్చాయి. దాంతో అయోడిన్ విషమనే ప్రచారం లేచింది. ఒకే పదార్థం, ఒకే ఊరు. మోతాదు తెలియక మొదట అమృతమన్నారు, తర్వాత విషమన్నారు.

ఫ్రెంచి శాస్త్రవేత్త బూసంగో దక్షిణ అమెరికాలో పనిచేస్తూ, అయోడిన్ ఉన్న ఉప్పు వాడే ప్రాంతాల్లో గాయిటర్ తక్కువని గమనించి 1830లలో అలాంటి ఉప్పు వాడాలని సూచించాడు. 1850లలో షతాన్ నీళ్లలో, నేలలో, తిండిలో అయోడిన్ కొలిచి, అది తక్కువైన చోట గాయిటర్ ఎక్కువని చెప్పాడు. ఫ్రెంచి అకాడమీ అంగీకరించలేదు. 1895లో జర్మనీలో బౌమన్ థైరాయిడ్ గ్రంథిలోనే అయోడిన్ ఉందని చూపించాక గానీ ఆ లెక్కకు వోచరు దొరకలేదు.

1917లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం అక్రన్ పట్టణంలో మెరైన్, కింబల్ అనే ఇద్దరు పరిశోధకులు బడిపిల్లల మీద పరీక్ష మొదలుపెట్టారు. అయోడిన్ తీసుకున్న 2,190 మందిలో మెడ ఉబ్బినవారు 5 మంది. తీసుకోని 2,305 మందిలో 495 మంది. ఈ రెండు వరుసలు పక్కపక్కన పెట్టి చూస్తే వాదన అక్కరలేదు. 1922లో స్విట్జర్లాండులో, 1924లో అమెరికాలోని మిచిగాన్‌లో అయోడిన్ ఉప్పు వచ్చింది.

కాంగ్రా లోయలో తెలుగు వైద్యుడు

మన దేశంలో ఈ కథను ముందుకు నడిపినవారు డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. 1921లో శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివారు. తర్వాత ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు డైరెక్టరుగా, భారత వైద్య పరిశోధన మండలికి అధిపతిగా పనిచేశారు. 2001లో మరణించారు. మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు ఎంతమందికి కనబడుతుందో ఆలోచించండి.

హిమాలయాల కింద కాంగ్రా లోయలో నూటికి నలభైమంది దాకా గాయిటర్‌తో ఉండేవారు. కొన్ని గ్రామాల్లో చెవిటి, మూగ పిల్లలు, బుద్ధి ఎదగని పిల్లలు పుట్టేవారు. పూర్వజన్మ పాపమన్నవారికీ, దేవత కోపమన్నవారికీ కొదవ లేదు. అసలు కారణం, మంచు, వానలు యుగాలుగా కొండ మట్టిలోని అయోడిన్‌ను కడిగేయడం.

1956 నుంచి రామలింగస్వామి, ఆయన సహచరులు ఆ లోయను మూడు భాగాలు చేశారు. ఒక భాగానికి పొటాషియం అయొడైడ్ కలిపిన ఉప్పు, ఒకదానికి పొటాషియం అయొడేట్ కలిపిన ఉప్పు, మూడోదానికి మామూలు ఉప్పు సరఫరా చేశారు. దాదాపు లక్ష జనాభా. 1962 నాటికి అయోడిన్ అందిన రెండు భాగాల్లో గాయిటర్ సుమారు సగానికి, అంతకంటే తక్కువకు పడిపోయింది. మామూలు ఉప్పు తిన్న భాగంలో తగ్గలేదు. ఆ తర్వాత దానికీ అయోడిన్ ఉప్పు ఇచ్చారు, అక్కడా తగ్గింది. 1962లోనే జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. ఏ యాగమూ, ఏ తాయెత్తూ చేయని పని, కిలో ఉప్పుకు కొన్ని మిల్లీగ్రాముల అయోడిన్ చేసింది.

అయోడిన్ ఉప్పు మీద గొడవ

ఇంత జరిగినా వివాదం ఆగలేదు. మనుషులు తినే ఉప్పులో అయోడిన్ ఉండి తీరాలన్న కేంద్ర నిబంధన 1998లో వచ్చింది. 2000లో ఎత్తేశారు. 2005లో మళ్లీ ప్రకటించి 2006 మే నుంచి అమలుచేశారు. 2011లో సుప్రీంకోర్టు ఆ నిబంధనను చట్టపరమైన కారణాలతో తప్పుపట్టింది. అయినా ఆహార భద్రత చట్టం కింద వచ్చిన నియమాల్లో ఆ షరతు కొనసాగింది.

పెద్ద కంపెనీల లాభం కోసమే ఇదంతా అన్నవారి మాటలో చిన్న ఉప్పు రైతుల బాధ ఉంది. దాన్ని కొట్టిపారేయను. వారికి సాయం చేయవలసిన బాధ్యత ప్రభుత్వానిదే. కానీ దానితో కలిపి ఇంకో మాట చెప్పారు: "సముద్రపు ఉప్పులో అయోడిన్ సహజంగానే ఉంటుంది." ఇది లెక్కకు నిలవదు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు లవణాలు, 60 మైక్రోగ్రాముల లోపు అయోడిన్ ఉంటాయి. ఒక్క చుక్క పోకుండా అంతా ఉప్పులోనే మిగిలిందనుకున్నా గ్రాముకు 2 మైక్రోగ్రాములు కూడా రాదు. నిజానికి ఎక్కువభాగం మడిలో మిగిలే చేదునీటితో పోతుంది. వంటింటికి చేరే అయోడిన్ ఉప్పులో గ్రాముకు కనీసం 15 మైక్రోగ్రాములు ఉండాలి. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది 150 మైక్రోగ్రాములు. సముద్రం పక్కన ఉన్నంత మాత్రాన అయోడిన్ అందదు. తీరప్రాంతాల్లో కూడా గాయిటర్ కనబడింది.

మరి అంత తక్కువ అయోడిన్ ఉన్న నీటిలో పెరిగే నాచులో అంత అయోడిన్ ఎలా వచ్చింది? కొన్ని గోధుమరంగు నాచులు నీటిలోని అయోడిన్‌ను పీల్చి, తమలో వేల రెట్లు పోగుచేసుకుంటాయి. అందుకే దాని బూడిదలో ఊదారంగు ఆవిరి కనబడింది, ఉప్పు మడిలో కనబడలేదు.

ఇప్పుడు పద్దులు చూద్దాం

సముద్రపు నాచు అంటే ఒకే వస్తువు కాదు. ఆకుపచ్చ, ఎరుపు, గోధుమ అని మూడు పెద్ద తెగలు. వాటి మధ్య తేడా వంకాయకూ గుమ్మడికీ ఉన్న తేడా కంటే చాలా ఎక్కువ. గోధుమరంగువి అసలు మొక్కల వంశానికే చెందవు. పచ్చి నాచులో నూటికి 80 నుంచి 90 వంతులు నీరే. కాబట్టి "నాచులో ఇంత ఉంది" అని ఎవరైనా అంటే, ఏ నాచులో, పచ్చిదా ఎండుదా అని మొదట అడగాలి.

కాల్షియం పద్దు తీసుకుందాం. "పాల కంటే పది రెట్లు" అని రాస్తారు. ఎండబెట్టిన నాచును పచ్చి పాలతో పోల్చితే అలాగే కనబడుతుంది. పాలలో కూడా 87 వంతులు నీరే కదా! పచ్చి వాకమే నాచులో 100 గ్రాములకు సుమారు 150 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, ఆవుపాలలో 115 నుంచి 120 దాకా ఉంటుంది. పది రెట్లు ఎక్కడ పోయాయి? ఒక పక్క స్థూల ఆదాయం, ఇంకో పక్క నికర ఆదాయం వేసి పోల్చితే ఏ ఆడిటరూ సంతకం పెట్టడు. పైగా ఎండు నాచు ఎవరైనా రోజుకు తినేది రెండు మూడు గ్రాములు. దానితో వచ్చే కాల్షియం ముప్ఫై మిల్లీగ్రాముల చుట్టుపక్కల. మన రాగి సంకటి ముద్దలో 60 గ్రాముల రాగిపిండి ఉంటే 200 మిల్లీగ్రాములు వస్తాయి.

మాంసకృత్తుల పద్దు కూడా ఇంతే. ఎండిన నోరి అనే ఎర్ర నాచులో నూటికి 30 నుంచి 40 వంతుల దాకా ప్రొటీన్ ఉన్నమాట నిజం. గోధుమరంగు వాటిలో చాలా తక్కువ, ఎక్కువగా 5 నుంచి 15 వంతులే. కానీ నోరి రేకు ఒకటి తూగేది మూడు గ్రాములు. అంటే ఒక గ్రాము ప్రొటీన్. గుప్పెడు కందిపప్పులో ఆరు గ్రాములు దాటి ఉంటుంది, అదీ ఎంతో తక్కువ ధరకు.

ఇనుము పద్దు అన్నిటికంటే తమాషా అయినది. జపానులో హిజికి అనే నాచు ఇనుముకు పెట్టింది పేరు. ఆ దేశపు అధికారిక ఆహార పట్టికల్లో 100 గ్రాముల ఎండు హిజికిలో 55 మిల్లీగ్రాముల ఇనుము అని ఏళ్ల తరబడి అచ్చయింది. 2015లో సవరించిన పట్టికలో, స్టీలు పాత్రలో ఉడికించి ఎండబెట్టిన హిజికిలో 6.2 మిల్లీగ్రాములని, ఇనుప పాత్రలో ఉడికించిన దానిలో 58.2 అని విడివిడిగా వేశారు. ఆ ఇనుములో ఎక్కువభాగం నాచుది కాదు, గిన్నెది! తమ ప్రసిద్ధమైన తిండి విషయంలో తామే అంకె దిద్దుకున్నారు జపాను శాస్త్రవేత్తలు. దాన్ని అవమానంగా భావించలేదు. మన దగ్గర అలా దిద్దుకునే ఆచారం పెరగాలని కోరుకుంటున్నాను.

అదే హిజికిలో విషపూరితమైన రకం ఆర్సెనిక్ ఎక్కువగా ఉందని, తినవద్దని బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ 2004లో సలహా ఇచ్చింది. సముద్రం నుంచి అయోడిన్ పోగుచేసుకునే జీవి మిగతావాటిని వదిలిపెడుతుందా? అందుకే ఏ తీరంలో కోశారన్నది కూడా పద్దులో భాగమే.

పిండిపదార్థాల సంగతి. నాచు పొడిలో సగం దాకా ఇవే. ఆల్జినేట్, అగర్, కారజీనన్ అని వాటి పేర్లు. మన వంటిళ్లలో చైనా గ్రాస్ అని వాడేది అగరే. వీటిని మన పేగులు అరిగించుకోలేవు. పీచుపదార్థంగా పనికొస్తాయి, శక్తి రాదు. ఆహారంగా కంటే వేరే రంగాల్లో వీటి మేలు పెద్దది. 1881లో ఫానీ హెస్సే అనే గృహిణి, సూక్ష్మజీవులను పెంచే తన భర్త ప్రయోగాలకు వంటింట్లోని అగర్ వాడమని సూచించింది. వేడికి జెలటిన్ కరిగిపోయేది, అగర్ నిలిచింది. రాబర్ట్ కోఖ్ క్షయ క్రిమి పరిశోధనలో దాన్ని వాడుకున్నాడు. నేటికీ ప్రతి ఆసుపత్రి ప్రయోగశాలలో క్రిమి పరీక్షలకు అగరే ఆధారం. నాచు మనిషి ప్రాణాలు కాపాడిందంటే ఈ దారిలో కాపాడింది, మాత్రల దారిలో కాదు. 2010లో మరో ఆసక్తికరమైన సంగతి బయటపడింది. కొందరు జపానీయుల పేగుల్లోని బాక్టీరియాలో నోరిని అరిగించే ఎంజైము జన్యువు ఉంది, అది సముద్రపు బాక్టీరియా నుంచి వచ్చింది. పోల్చి చూసిన ఉత్తర అమెరికావారిలో అది కనబడలేదు. వారికి సరిపడిన తిండి అందరికీ అంతే సరిపడుతుందని అనుకోనక్కరలేదు.

బి12 విటమిన్ గురించి శాకాహార మిత్రులు తరచు అడుగుతారు. 1991లో నెదర్లాండ్స్‌లో బి12 లోపం ఉన్న పిల్లలకు నోరి, స్పిరులినా వంటివి ఇచ్చి చూశారు. రక్తపరీక్షలో బి12 అంకె పెరిగింది, కానీ రక్తహీనత లక్షణం మెరుగుపడలేదు. స్పిరులినాలో ఎక్కువగా ఉండేది బి12ను పోలిన, మనిషికి పనిచేయని పదార్థం. అది సముద్రపు నాచు కూడా కాదు, ఒక రకం బాక్టీరియా. ఎండు నోరిలో కొంత అసలు బి12 ఉందని తర్వాతి విశ్లేషణలు చెప్పాయి. అయినా లోపం ఉన్నవారు దాన్ని నమ్ముకుని వైద్యం మానడం ప్రమాదం.

అసలు ప్రమాదం

ఇక అయోడిన్. జీవితకాలం లెక్కవేద్దాం. రోజుకు 150 మైక్రోగ్రాముల చొప్పున 70 ఏళ్లకు 3.8 గ్రాములు. టీ చెంచా నిండదు. కొంబు వంటి గోధుమరంగు నాచులో ఎండు గ్రాముకు 2,000 మైక్రోగ్రాములు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ ఉంటుంది. అంటే ఒక్క గ్రాములో పదమూడు రోజుల కోటా. నోరిలో గ్రాముకు కొన్ని పదుల మైక్రోగ్రాములే. సీసా మీద "సముద్రపు నాచు" అని మాత్రమే రాసి, ఏ నాచో, ఎంత అయోడినో రాయకపోతే మనం మింగేది ఎంతో ఎవరికి తెలుసు?

"ఎక్కువైతే ఏమవుతుంది, జపానువాళ్లు తింటున్నారు కదా" అంటారు. జపాను ప్రభుత్వమే పెద్దలకు రోజుకు 3,000 మైక్రోగ్రాములు మించవద్దని పరిమితి పెట్టింది. అమెరికాలో ఆ పరిమితి 1,100. అయోడిన్ హఠాత్తుగా ఎక్కువైతే థైరాయిడ్ హార్మోను తయారీని ఆపేస్తుందని 1948లో వుల్ఫ్, చైకాఫ్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. చాలామందిలో గ్రంథి కొద్దిరోజుల్లో సర్దుకుంటుంది, కొందరిలో సర్దుకోదు. కొంబు విపరీతంగా తినే జపాను హొక్కైడో తీరంలోనే అయోడిన్ ఎక్కువై వచ్చిన గాయిటర్ ఉందని 1965లో పరిశోధకులు నమోదుచేశారు. 2009లో ఆస్ట్రేలియాలో కొంబు కలిపిన ఒక రకం సోయాపాలు తాగి పలువురు థైరాయిడ్ జబ్బు పడ్డారు. ఆ సరుకును మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు, 2014లో కోర్టు దావా రెండున్నర కోట్ల ఆస్ట్రేలియా డాలర్లకు రాజీ అయింది.

మన ఇళ్లలో ఇప్పుడు జరుగుతున్నది చూస్తే నాకు భయం వేస్తుంది. అయోడిన్ ఉప్పు "కెమికల్" అని మానేసి సైంధవ లవణానికి మారుతున్నారు. దానిలో అయోడిన్ దాదాపు లేనట్టే. కొంతకాలానికి మెడ బరువుగా ఉందనో, నీరసంగా ఉందనో నాచు మాత్రలు కొంటున్నారు. మొదట లోపం, ఆ తర్వాత అతి! మధ్యలో ఇంట్లో కోడలు గర్భవతి అయి ఉంటే, కడుపులోని బిడ్డ మెదడు ఎదుగుదల మొదటి నెలల నుంచీ తల్లి థైరాయిడ్ మీదే ఆధారపడి ఉంటుంది. కాంగ్రా లోయలో బుద్ధి ఎదగని పిల్లలు పుట్టింది అందుకే. ఆ నష్టాన్ని తర్వాత ఏ మాత్రా పూడ్చలేదు.

తీరంలోని మనుషులు

ఇదంతా చెప్పినందుకు నేను నాచుకు వ్యతిరేకినని అనుకోవద్దు. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిషు సైన్యానికి కార్డైట్ తయారీకి అసిటోన్ చాలకపోతే, కాలిఫోర్నియాలో 1916లో పెద్ద కార్ఖానా కట్టి రాక్షస నాచును పులియబెట్టి అసిటోన్ తీశారు. అరువంకాడు కార్డైట్ ఫ్యాక్టరీ పేరు తెలిసిన నాలాంటి రక్షణ శాఖ గుమాస్తాలకు ఆ కథ చదవడం సరదా. 1949లో ఇంగ్లండు శాస్త్రవేత్త కాథ్లీన్ డ్రూ బేకర్ నోరి జీవితచక్రంలో తెలియని దశను కనిపెట్టింది. ఆ నాచు కొంతకాలం గవ్వచిప్పల్లో దాగి పెరుగుతుందని తేలాక, అదృష్టం మీద నడిచే జపాను నోరి సాగు శాస్త్రం మీద నడవడం మొదలైంది. ఆమె ఎన్నడూ జపాను చూడలేదు. అక్కడి రైతులు మాత్రం 1963లో ఆమెకు స్మారకం కట్టుకున్నారు.

మన దేశంలో రామేశ్వరం, మండపం తీరాల్లో ఆడవాళ్లు నీళ్లలో మునిగి నాచు కోసి బతుకుతున్నారు. భావనగర్‌లో 1954లో మొదలైన కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ నాచు సాగు పద్ధతులు రూపొందించింది. 2020లో వచ్చిన కేంద్ర మత్స్య పథకంలోనూ నాచు సాగుకు ప్రోత్సాహం ఉంది. ఆ పని పెరగాలి, కోసేవారికి న్యాయమైన ధర రావాలి. ఆర్క్నీ దీవుల కథ మళ్లీ జరగకూడదు. కానీ 92 ఖనిజాల అబద్ధం మీద కట్టిన గిరాకీ ఎన్నాళ్లో నిలవదు. అది కూలిననాడు సీసా అమ్మినవాడు ఇంకో సరుకు అమ్ముకుంటాడు. నీళ్లలో నిలబడినవారే నష్టపోతారు.

కాబట్టి మిత్రులారా, ఎవరైనా ఈ మాత్రలు చేతిలో పెడితే నాలుగు ప్రశ్నలు అడగండి. ఇది ఏ నాచు? ఒక మాత్రలో అయోడిన్ ఎన్ని మైక్రోగ్రాములు? ఆర్సెనిక్, కాడ్మియం పరీక్ష రిపోర్టు ఉందా? ఈ జబ్బు తగ్గుతుందని, వాడినవారినీ వాడనివారినీ పోల్చి చూసిన పరీక్ష ఏది? జవాబు రాకపోతే బిల్లు తిప్పి పంపండి. థైరాయిడ్ మందు వేసుకుంటున్నవారు డాక్టరును అడగకుండా దాన్ని మానవద్దు, దానికి నాచు మాత్రలు కలపవద్దు. ఇంట్లో ఉప్పు ప్యాకెట్ మీద అయోడిన్ గుర్తు ఉందో లేదో ఈరోజే చూడండి.